వదిన ఎండకు వెళ్ళిన వారం

మా వదిన గ్లెనిస్ ఆ జూన్‌లో స్టేషన్ మెట్ల మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకోకపోతే, ఎండ కోసం ఎక్కడికైనా వెళ్ళాలన్న మాట వాళ్ళింట్లో ఎప్పటిలాగే సెప్టెంబరు దాకా నానుతూ ఉండి, ఆ తర్వాత దానంతట అదే కొట్టుకుపోయేది.

వదినా నేనూ ఇద్దరం పని చేసేది ఆస్ట్రేలియా అడుగున, టాస్మేనియా దీవిలో ఉన్న మా క్వీన్స్‌టౌన్ స్టేషన్‌లోని టీ కొట్టులోనే. పాత గనుల రైలెక్కి అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళకి టీలు, మాంసం కూరి కాల్చిన పైలు అమ్ముతాం. వాళ్ళు తడిసిన కోట్లతో వచ్చి, "అబ్బ, ఎంత బాగుందో మీ ఊరు" అని, సాయంత్రానికల్లా వెళ్ళిపోతారు. మేం మిగిలిపోతాం. ఎటు చూసినా కొండలే. వాటి మీద ఒకప్పటి గని పొగలకు చెట్టు మొలవదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే మా చలికాలంలో మధ్యాహ్నం టీ తాగేలోపే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతాడు. కట్టెల పొయ్యిల పొగ పైకి పోయే దారి లేక వీధుల్లోనే పడి ఉంటుంది. పైన వాన. వాన లేని రోజున నేలంతా గాజులా గడ్డ కట్టిన మంచు. ఆ మంచు మీదే వదిన జారింది.

చేతికి కట్టు వేసి డాక్టరు ఆరు వారాలు కదలొద్దన్నాడు. దాంతో మా అన్నయ్య క్లైవ్‌తో కలిసి ఇంట్లో కూర్చోవడం ఆవిడకు తప్పలేదు. గని మూసేసినప్పటి నుంచి అన్నయ్య ఇంటిపట్టునే ఉంటున్నాడు. కట్టెలు కొడతాడు, కారు తుడుస్తాడు, ఫుట్‌బాల్ వింటాడు. మంచివాడే. కానీ ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. ఎంత చలైనా సరే, పడకగది కిటికీ జానెడు తెరిచి ఉండాలి. స్నానాలగదికి గడియే లేదు, ఎప్పుడో పీకేశాడు. వదిన ఉన్ని టోపీ పెట్టుకుని, మేజోళ్ళు రెండు జతలు తొడుక్కుని పడుకునేది.

"గాలి ఆడాలి గ్లెన్. మూస్తే గోడలకి బూజు పడుతుంది," అనేవాడు.

"గోడల మీదున్న ప్రేమ నా మీద లేదు ఈయనకి," అని వదిన నాతో నవ్వుతూనే అనేది. ఆ జూన్ తర్వాత మాత్రం నవ్వడం మానేసింది.

ఒక ఆదివారం నేను పులుసు పట్టుకుని వెళ్ళేసరికి వదిన పొయ్యి పక్కన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య ఎదురుగా కూర్చుని బూట్లకు మైనం రాస్తున్నాడు.

"ఫే, నువ్వే చెప్పు," అంది వదిన నన్ను పేరుతో పిలిచి. "నాలుగైదు రోజులు చాలు నాకు. కాస్త ఎండ, చవగ్గా ఒక గది. అంతే కదా నేనడిగేది?"

"అడిగినదాంట్లో తప్పేముంది వదినా?"

"మీ అన్నయ్యకి చెప్పు మరి. ఉత్తరాన కెయిన్స్ వెళ్దామన్నాను."

"అక్కడ సముద్రంలో దిగనివ్వరు. జెల్లీచేపలు," అన్నాడు అన్నయ్య తలెత్తకుండా.

"చలికాలంలో ఉండవంట."

"ఉండవని వాటికెవరు చెప్పారు?"

"డార్విన్ అన్నాను. మొసళ్ళంటాడు. మొసళ్ళొచ్చి హోటల్లో తలుపు కొడతాయా?"

"కొట్టినా కొడతాయి."

"ఫిజీ అన్నాను. పాస్‌పోర్టు లేదంటాడు. తీసుకుందాం అంటే, ఆ ఫోటోలో నవ్వకూడదంట."

"నువ్వెప్పుడు నవ్వావు గనక అన్నయ్యా?" అన్నాను.

"బాలి సంగతి చెప్పనే అక్కర్లేదు," అన్నాడు తను నా మాట విననట్టే. "మన కసాయి బారీ అక్కడికి పోయి వారమంతా బాత్రూంలోనే గడిపాడు. ఆ మాత్రం దానికి ఇక్కడ మన బాత్రూం లేదా?"

నాకు నవ్వొచ్చింది. వదినకి రాలేదు. ఫోను తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, కట్టు కట్టిన చేతిని మరో చేత్తో పట్టుకుని, పొయ్యి గాజు తలుపులోంచి మంట వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. వానకి దారి మూతపడ్డ రోజున స్టేషన్లో ఇరుక్కుపోయిన ప్రయాణికులు కిటికీలోంచి అలాగే చూస్తారు.

"నీకు కావలసింది ఎండ కాదన్నయ్యా, సాకు," అన్నాను. ఆయన బ్రష్షు కింద పెట్టి కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళిపోయాడు. బుట్ట నిండుగానే ఉంది.

టాస్మేనియాలో ఉన్నవాళ్ళకి ఒక చిక్కుంది. ఎండ ఉన్నచోటికి పోవాలంటే కారెక్కి పోతూ ఉంటే సరిపోదు. చుట్టూ నీళ్ళే. విమానమైనా ఎక్కాలి, రాత్రంతా నడిచే ఓడైనా ఎక్కాలి. ఆ సంగతి గురించి అప్పుడు నేనేమీ ఆలోచించలేదు.

చివరికి దారి చూపించింది నేనే. ఫుట్‌బాల్ క్లబ్బు వంటగదిలో పనిచేసే రేలీన్ వాళ్ళ పిన్నికి క్వీన్స్‌లాండ్‌లో, కలౌండ్రా సముద్రపొడ్డున ఒక పాత ఇంటి వాటా ఉంది. చలికాలం ఖాళీగా ఉంటుంది, తెలిసినవాళ్ళయితే కరెంటు ఖర్చుకే ఇస్తుంది. లాన్సెస్టన్ నుంచి బ్రిస్బేన్‌కి తిన్నగా విమానం, అక్కడి నుంచి బస్సు. మొసళ్ళు లేవు, పాస్‌పోర్టు అక్కర్లేదు. మా చలికి అలవాటుపడ్డ ఒంటికి అక్కడి ఆగస్టు వేసవితో సమానం.

వదిన ఈ సంగతి చెప్తున్నంతసేపూ అన్నయ్య ఏ అడ్డూ చెప్పలేదు. అడ్డు చెప్పడానికి ఏదీ దొరకలేదని ముఖంలోనే కనిపిస్తోంది. పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాడు.

"సరే. బుక్ చెయ్యి," అన్నాడు.

వదిన ఒంటిచేత్తో టికెట్లు కొనేసింది, ఆయన మనసు మార్చుకునేలోపు. అన్నిటికంటే చవకవే కొంది. తేదీ మార్చడానికి లేదు, డబ్బు వెనక్కి రాదు.

తర్వాత వారంలో ఒకరోజు పులుసు గిన్నె తెచ్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. వదిన కట్టు విప్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. షెడ్డు తలుపు దించి ఉంది. కింది సందులోంచి వెలుగొస్తుంటే పైకెత్తాను. అన్నయ్య కారులో, డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. అంత చలిలోనూ ముఖమంతా చెమట.

నన్ను చూసి అద్దం దించాడు.

"ఏం చేస్తున్నావు?"

"రేడియో చూస్తున్నా. సరిగ్గా పలకట్లేదు."

రేడియో పెట్టనే లేదు. వదినతో గొడవ పడ్డాడేమో, కాసేపు ఒంటరిగా ఉండాలనుకున్నాడేమో అనుకున్నాను. మాది ఒకరినొకరు తవ్వి అడిగే కుటుంబం కాదు. గిన్నె తీసుకుని వచ్చేశాను.

బయల్దేరే రోజున వదిన ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో సర్దింది. సెకండ్‌హ్యాండు బట్టల కొట్టులో అన్నయ్యకి చిలకల బొమ్మల చొక్కా ఒకటి కొంది. ఉన్ని కోటు కింద అదే వేసుకుని బయల్దేరాలని పట్టుబట్టింది. ఆయన వేసుకున్నాడు. కారు మలుపు తిరిగేదాకా ఆవిడ అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. ఇద్దరూ వేరువేరుగా చెప్పగా విన్నాను. రెండింటికీ తేడా లేదు.

లాన్సెస్టన్ విమానాశ్రయం చిన్నది. నేల మీద నడిచి వెళ్ళి మెట్లెక్కాలి. అన్నయ్య నడుస్తూ నడుస్తూ ఆగాడు. "వాళ్ళని ముందు పోనీ," అన్నాడు. వాళ్ళు వెళ్ళాక ఇంకొకళ్ళని పోనీ అన్నాడు. చివరికి అందరి వెనకా ఎక్కారు. వదిన కిటికీ పక్క, ఆయన నడవా పక్క. బెల్టు పెట్టుకున్నాడు. వదిన ఆయన చేతి మీద చెయ్యి వేసింది. చల్లగా, తడిగా ఉంది.

"భయమా? ఒకప్పుడు మెల్‌బోర్న్ వెళ్ళాం కదా."

"అప్పుడు వేరు," అన్నాడు. బెల్టు తీసేసి, "ఒక్క నిమిషం గ్లెన్" అని లేచి ముందుకి నడిచాడు. బాత్రూంకి అనుకుంది వదిన.

కొద్దిసేపటికి విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఆవిడ పక్కన ఒంగింది.

"మేడమ్, మీవారు కిందికి దిగిపోయారండీ. ఒంట్లో బాగాలేదంటున్నారు. మిమ్మల్ని మాత్రం తప్పకుండా వెళ్ళమన్నారు. మీరేం చేస్తారు, దిగుతారా, ఉంటారా? తలుపు మూసేయాలి."

వదిన కిటికీలోంచి చూసింది. మంచు కరగని ఆ నేల మీద, పసుపు జాకెట్టు వేసుకున్న పనివాడి పక్కన, కోటు చేతి మీద వేసుకుని చిలకల చొక్కాతో నిలబడి ఉన్నాడు అన్నయ్య. విమానం వైపు చూడట్లేదు. బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

జెల్లీచేపలు, మొసళ్ళు, బారీ, పాస్‌పోర్టు ఫోటో, ఆరు వారాల కట్టు, తెరిచిన కిటికీ, టోపీతో నిద్ర, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయంది వదిన. ఇప్పుడు దిగితే ఇక జన్మలో ఎక్కననీ అనిపించిందట.

"ఉంటాను," అంది.

"ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు ఫే," అని చెప్పింది తర్వాత. "తలుపు మూసిన చప్పుడు విన్నాక నన్ను చూస్తే నాకే భయమేసింది. లేచి తలుపు తీయండి అని అరుద్దామనుకున్నాను. అప్పటికే కదిలిపోయింది."

ఆ సాయంత్రం నాకు ఫోనొచ్చింది.

"ఫే, నేను లాన్సెస్టన్‌లోనే ఉన్నా."

"వదినేదీ?"

"వెళ్ళింది."

"నువ్వో?"

"వెళ్ళలేదు."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "పెళ్ళాన్ని విమానంలో కూర్చోబెట్టి దిగిపోతావా? ఒక్క వారం ఆవిడకి ఎండ చూపించలేకపోయావా? అంత పిసినారితనమా అన్నయ్యా నీకు?"

అటు నుంచి లారీలు పోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఎక్కడున్నావు?"

"కార్లో. పార్కింగులో." అన్నాడు. "ఫే, ఆ ఇనుప గది గుర్తుందా?"

గుర్తులేకేం? పదిహేనేళ్ళ కిందటి మాట. గనిలో లోతున ఒక బండికి నిప్పంటుకుంది. పొగ సొరంగమంతా కమ్మేసింది. అలాంటప్పుడు తలదాచుకోవడానికని లోపల అక్కడక్కడా ఇనుప గదులు పెడతారు. లోపలికి దూరి తలుపు బిగించుకుని, పైవాళ్ళు వచ్చేదాకా కూర్చోవాలి. అన్నయ్య, ఇంకో ఇద్దరు అలా ఒక పగలంతా కూర్చున్నారు. ఊరు ఊరంతా గని గేటు దగ్గర నిలబడింది. వదిన నా చెయ్యి పట్టుకుని నిలబడింది. చీకటిపడ్డాక మసి ముఖంతో పైకొచ్చి, "బీరేదీ?" అని నవ్వాడు. అందరం నవ్వాం, ఏడ్చాం. ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం. తర్వాత కొన్నాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పి పైనున్న వర్క్‌షాపులోకి మార్పించుకున్నాడు.

"తలుపు బిగించినప్పుడు గాలి ఆగిన చప్పుడొకటి వస్తుంది," అన్నాడు ఫోనులో. "చెవులు మూసుకుపోతాయి. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నేను మళ్ళీ అక్కడే ఉంటాను. ఇవాళ పనవుతుందనుకున్నా. షెడ్డులో కూర్చుని అలవాటు చేసుకున్నా కూడా."

కిటికీ, గడియ లేని బాత్రూము, చెమట పట్టిన ముఖం, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి.

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ."

"వదినకి చెప్పావా?"

"లేదు. నువ్వు చెప్పు."

"చచ్చినా చెప్పను. నీ పెళ్ళాం, నీ నోరు. నువ్వే చెప్పుకో."

వదిన ఫోను ఆపేసి ఉంది. కలౌండ్రాలో దిగి, తాళం తీసి, పెట్టె తెరిస్తే పైనే ఆయన ఈత లాగు, ఇంకా ధర చీటీ తియ్యనిది. పెట్టె మళ్ళీ మూసేసింది. బయటికొచ్చి గోడ మీద కూర్చుంది. ఎండ భుజాల మీద పడుతోంది, నిజమైన ఎండ. కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది, కానీ ఒంటికి తగులుతోందే తప్ప లోపలికి దిగట్లేదంది.

పక్క వాటాలో, మాలాగే చలి ఊరైన బల్లారట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. విధవరాలు, ఏటా చలికాలమంతా అక్కడే గడుపుతుందట. వదినని చూస్తూనే పలకరించింది.

"ఒక్కదానివేనా అమ్మాయ్? ఇద్దరొస్తారని రేలీన్ వాళ్ళ పిన్ని చెప్పిందే?"

"ఆయనకి ఒంట్లో బాగాలేదు. పడుకున్నారు," అనేసింది వదిన. విమానంలో విన్న మాటే నోటికొచ్చింది.

ఆ ఒక్క అబద్ధంతో ఇరుక్కుపోయింది. మర్నాడు ఆ పెద్దావిడ లేని మనిషి కోసం కోడి సూపు కాచి తెచ్చింది. వదిన తలుపు ఓరగా తెరిచి అందుకుంది. చేపలు, బంగాళాదుంప వేపుళ్ళు కొనడానికి వెళ్తే ఆవిడ వెనకాలే వచ్చింది. ఇద్దరికి సరిపడా కొనక తప్పలేదు. రెండు పొట్లాలూ తనే తినాల్సొచ్చింది. "పాపం దగ్గు కూడా వినపడదే?" అని ఆవిడంటే, ఆ సాయంత్రం వదిన గదిలో కూర్చుని మగగొంతుతో దగ్గిందట. తర్వాత చెప్తూ పడీ పడీ నవ్వింది గానీ, ఆ రోజు మాత్రం దగ్గాక మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చానంది. తిరిగి వచ్చేద్దామంటే టికెట్ తేదీ మారదు. ఉందామంటే తలుపు తీసి బయటికి రావడానికే మొహం చెల్లట్లేదు. ఇంత చక్కటి సముద్రం ముందు, ఇంకొక నాలుగు గోడల మధ్య.

మూడోరోజున ఫోను ఆన్ చేసింది. వెంటనే మోగింది. సముద్రపొడ్డున బల్ల మీద కూర్చుని ఎత్తింది.

"గ్లెన్, పెట్టెయ్యకు. చెప్పనీ. మధ్యలో ఏమీ అడక్కు, అడిగితే ఆగిపోతా."

ఆవిడ అడగలేదు. నాకు చెప్పినదంతా ఆవిడకీ చెప్పాడు, ఇంకా ఎక్కువే చెప్పాడు. ఆ గదిలో కుర్రవాడు ఒకడు గాలి అయిపోతోందని తలుపు తెరవబోతే, మిగతా ఇద్దరూ వాణ్ణి కింద పడేసి పైన కూర్చున్నారట. తెరిస్తే పొగకి ముగ్గురూ పోయేవాళ్ళు. వాడు పైకొచ్చాక ఊరొదిలి వెళ్ళిపోయాడు. అన్నయ్యతో మళ్ళీ మాట్లాడలేదు. "వాడి ఏడుపు నా తొడల కింద ఇంకా కదుల్తూనే ఉంది గ్లెన్," అన్నాడు.

వదినకి జాలి వేసిందా అంటే, వేసింది. కానీ జాలి కంటే ముందు కోపమొచ్చింది, పట్టపగ్గాల్లేని కోపం.

"బూజన్నావు నువ్వు," అంది. "గోడలకి బూజన్నావు."

"అన్నాను."

"నీకు నా మీద ఇష్టం లేదనుకున్నాను క్లైవ్. ఇన్ని చలికాలాలు అలాగే అనుకుంటూ పడుకున్నాను."

అటు నుంచి దగ్గు వినిపించింది, ఈసారి నిజం దగ్గు. కార్లోనే పడుకుంటున్నాడు. అద్దాలు దించుకుని, ఆ మంచులో. ఊరికి వస్తే ఏమైందని అందరూ అడుగుతారని రాలేదు.

"రానా వెనక్కి?"

"వద్దు. ఎండుందా?"

"ఉంది."

"అయితే ఉండు గ్లెన్. నీకోసమే ఉండు."

ఆ సాయంత్రం వదిన సూపు గిన్నె తోమి పెద్దావిడకి తిరిగిచ్చి, ఆయన అసలు రాలేదని చెప్పేసింది. ఆవిడ గిన్నె తీసుకుని, "మరి ఆ దగ్గెవరిది?" అంది. "నాదే," అంది వదిన. పెద్దావిడ, "బానే దగ్గావు, మా ఆయన గుర్తొచ్చాడు," అని లోపలికి వెళ్ళి చీట్లపేక తెచ్చింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం వదిన నీళ్ళలో దిగింది. మణికట్టు ఇంకా బలం పట్టలేదు, ఈదలేక వెల్లకిలా తేలింది. చెవుల్లో నీళ్ళు, మూసిన కళ్ళ మీద ఎర్రటి వెలుగు. కాసేపు తనకి మొగుడున్నాడనీ, ఊరుందనీ గుర్తులేదట. గుర్తురాగానే లేచి ఒడ్డుకొచ్చేసింది.

విమానం దిగేసరికి అన్నయ్య బయట, చలిలో, గాజు తలుపులకి ఎడంగా నిలబడి ఉన్నాడు. చిలకల చొక్కా మీద ఎక్కడో కొన్న పాత స్వెటరు. గడ్డం పెరిగింది. ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేదు. ఆయన పెట్టె అందుకున్నాడు, ఆవిడ ఇచ్చింది.

ఇంటికి పోయే దారిలో షెఫీల్డ్ ఊరు దాటి కొండెక్కాక మంచు మొదలైంది. మోయినా దగ్గర పోలీసులు దారి మూసేశారు. ముందు లారీలు, వెనక కార్లు, రెండు పక్కలా తెల్లగా కప్పేసిన అడవి. ఇంజను ఆపేసి కూర్చోవాల్సిందే. అద్దాల మీద మంచు పేరుకుని బయట ఏమీ కనిపించకుండా పోతోంది. అన్నయ్య ఊపిరి మారింది. తన వైపు అద్దం కిందికి దించేశాడు. మంచు నేరుగా లోపలికొచ్చి పడుతోంది.

"మూయి," అంది వదిన. ఎండకి కమిలిన ముక్కుతో వణికిపోతోంది.

"మూయలేను."

అన్నేళ్ళలో ఆ మాట అలా అనడం అదే మొదటిసారి. బూజు లేదు, గాలి లేదు. మూయలేను, అంతే.

వదిన కారు దిగి, డిక్కీలోంచి పెట్టె తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. అందులో ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. తన గౌన్లు, ఆయన చొక్కాలు, తువ్వాళ్ళు, ఆఖరికి ఆయన ఈత లాగు కూడా తలకి చుట్టుకుంది. అన్నయ్య ముందున్న చిన్న అద్దంలో చూసి నవ్వబోయాడు.

"నవ్వకు," అంది. "నువ్వు చెప్పి ఉంటే ఇంకో దుప్పటి కొనుక్కునేదాన్ని క్లైవ్. అంతే కదా. ఇంకో దుప్పటి. పొయ్యి దగ్గర మంచం వేసుకునేదాన్ని. నువ్వు ఆ గదిలో ఉండిపోయావు, సరే, అది నీ చేతుల్లో లేదు. నన్నెందుకు లోపలికి లాగి తలుపేశావు? నేనెందులో ఉన్నానో కూడా నాకు చెప్పకుండా?"

ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వదిన ఓదార్చలేదు. ఓదార్చడానికి చేతులు బట్టల్లోంచి బయటికి రాలేదంటుంది ఇప్పుడు. మంచు తీసే బండి వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు, ఒకరు ముందు, ఒకరు వెనక.

ఇంటికొచ్చాక ఆవిడ తన మంచం ముందుగదిలోకి, పొయ్యి పక్కకి మార్చేసుకుంది. వాళ్ళిద్దరికీ చెడిందని ఊరంతా చెప్పుకుంది. టీ కొట్టులో అడిగినవాళ్ళకి వదిన, "చలికి" అని మాత్రం చెప్పేది. అన్నయ్య డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టరు బర్నీ ఊళ్ళో ఇలాంటి భయాలకు వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి పంపాడు. నేనే కార్లో తీసుకెళ్తాను, అద్దం దించుకుని కూర్చుంటాడు. దారంతా ఫుట్‌బాల్ మాట్లాడతాడు. లోపల ఏం మాట్లాడతాడో నేనడగను. ఆ కుర్రవాడి ఆచూకీ కనుక్కుని ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు.

మరుసటి చలికాలం వదిన, నేను కలిసి క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్ వెళ్ళాం. ఆవిడ వారమంతా నవ్వింది, తింది, నల్లబడింది. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం, గొడుగు కింద పడుకుని, "నేను రావచ్చు, ఆయన రాలేడు. వచ్చినప్పుడల్లా ఈ సంగతి కూడా నాతో పాటే వస్తుంది ఫే," అంది.

ఈమధ్య బర్నీ ఆవిడ అన్నయ్యకి ఒక పని పెట్టింది. మా ఊరి బస్సులో, తలుపులు మూసి ఉండగా, గోర్మన్‌స్టన్ మలుపుల దాకా వెళ్ళి రావాలి. పోయిన వారం వెళ్ళాడు. వదిన, నేను బస్టాపులో గొడుగు వేసుకుని నిలబడ్డాం. తిరిగొచ్చిన బస్సులోంచి దిగేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఎలా ఉంది?" అంది వదిన.

"ఘోరంగా ఉంది."

"మళ్ళీ ఎక్కుతావా?"

వాన ముఖాన పడేలా తలెత్తి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"గురువారం," అన్నాడు.